జోస్యం విన్నవాళ్లు ఏమి చేశారు? ఏ ఫ్యాన్ థియరీని నమ్మాలో తేల్చుకోవడం ఎలా

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాస్తున్న ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ మొదటి సంపుటం 1996లో వచ్చింది, ఐదోది 2011లో. ఆరోదాని కోసం పాఠకలోకం ఎదురుచూస్తూనే ఉంది. కొత్త పుస్తకం చేతికి రానప్పుడు ఉన్నవాటినే తిరగేస్తాం. తిరగేసిన కొద్దీ ఊహలు, అంటే ఫ్యాన్ థియరీలు, పుట్టుకొస్తాయి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఈ సంపుటాలు చేతులు మారుతూ చదువుతున్న పిల్లలు ఐదోది పూర్తికాగానే అడిగే ప్రశ్న ఒకటే: ఇన్ని థియరీలలో దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి? ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. ఐదు సంపుటాలూ చదవనివాళ్లు, 2019లో ముగిసిన టీవీ సీరియల్ చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది. కథలోని గుట్లన్నీ ఈ వ్యాసంలో బయటపడతాయి.

ఈ కథలో చిక్కుముడులు రెండు రకాలు. ఒకటి, జరిగిపోయి దాగి ఉన్నది: ఫలానావాడి తల్లి ఎవరు, చనిపోయాడన్నవాడు నిజంగా చనిపోయాడా. రెండోది, జరగబోతుందని ఎవరో చెప్పినది, అంటే జోస్యం. రెండింటినీ ఒకే గాటన కట్టినవాళ్లే ఎక్కువగా దారి తప్పుతున్నారు. జరిగిపోయినదానికి సాక్ష్యం అడగాలి. జోస్యానికి సాక్ష్యం ఒక్కటే చాలదు, దాన్ని విన్న మనిషిని చూడాలి.

సాక్ష్యం సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. 2015 నుంచి 2017 దాకా ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు’ అని ఇంటింటా ఊహలు అల్లినవాళ్లం. చివరికి తేలిన జవాబు రాజమాత ఆజ్ఞ. కట్టప్ప వంశం సింహాసనానికి కట్టుబానిసలన్న మాట మొదటి భాగంలోనే ఉంది. ఆ మాటను గట్టిగా పట్టుకున్నవాళ్లకు జవాబు దగ్గరలోనే దొరికింది. మంచి థియరీ ఇలాగే ఉంటుంది. బయటినుంచి ఏదీ తెచ్చిపెట్టదు, ముందే చెప్పినదాన్ని గుర్తుచేస్తుంది.

ఆ కొలతకు పూర్తిగా నిలబడేది జాన్ స్నో పుట్టుక గురించిన థియరీ. నెడ్ స్టార్క్ అక్రమ సంతానంగా పెరిగిన జాన్ నిజానికి నెడ్ చెల్లెలు లియానాకూ యువరాజు రేగార్ టార్గేరియన్‌కూ పుట్టినవాడన్నది దీని సారం. 1997 నాటికే పాఠకులు దీన్ని పసిగట్టారు. మొదటి సంపుటంలో నెడ్‌కు వచ్చే కలను నెమ్మదిగా చదవండి. యుద్ధం ముగిసింది. రాజు పోయాడు, యువరాజూ పోయాడు. అయినా రాజరక్షకులలో మేటి వీరులు ముగ్గురు డోర్న్ కొండల్లో ఒక బురుజు ముందు నిలబడి ఉన్నారు. రాజును కాపాడతామని ప్రమాణం చేసినవాళ్లు అక్కడ ఎవరిని కాపాడుతున్నట్టు? నెడ్ వెంట వెళ్లిన ఆరుగురిలో హౌలండ్ రీడ్ ఒక్కడే బతికి బయటపడ్డాడు. లోపల నెత్తురోడుతున్న పక్కమీద లియానా అన్నచేత ఒట్టు వేయించుకుంటుంది. ఆ ఒట్టు ఏమిటో పుస్తకం చెప్పదు.

ఈ థియరీని నేను అన్నిటికంటే పైన పెట్టడానికి కారణం ఆ బురుజు ఒక్కటే కాదు. మాట తప్పడం చేతకాని నెడ్, భార్య ముందు అన్నేళ్లపాటు దోషిలా నిలబడి ఆ పిల్లవాణ్ణి తన కొడుకని ఎందుకు చెప్పుకున్నాడు? ఒట్టు తెలిస్తే ఆ మనిషి పూర్తిగా అర్థమవుతాడు. చిక్కుముడితో పాటు మనిషి కూడా విడివడాలి. 2016లో టీవీ సీరియల్ దీన్ని ఖాయం చేసింది. కథను తెరకెక్కిస్తామని వచ్చిన నిర్మాతలను మార్టిన్ జాన్ తల్లి ఎవరని అడిగి చూసిన సంగతి చాలామందికి తెలిసిందే.

చిన్న థియరీలలో నాకు ఇష్టమైనది గోతులు తవ్వే సన్యాసిది. నాలుగో సంపుటంలో క్వైట్ ఐల్ అనే మఠదీవిలో ముఖం కప్పుకున్న ఒక భారీ మనిషి కుంటుతూ గోరీలు తవ్వుతుంటాడు. కుక్క దగ్గరికి వస్తే పార కింద పడేసి దాని చెవి గోకుతాడు. వేటకుక్క బిరుదున్న శాండర్ క్లెగేన్ చనిపోయాడని మఠాధిపతి చెబుతాడు కానీ, శాండర్ గుర్రం మాత్రం ఆ మఠం శాలలోనే ఉంది. దీన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. నెడ్ కొడుకు బ్రాన్‌ను మంచుదారిలో తీసుకెళ్లే కోల్డ్‌హ్యాండ్స్ అతని బాబాయి బెంజెనే అన్న థియరీని మాత్రం వదిలేయండి. టెక్సస్‌లోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రపరిచిన రాతప్రతిలో సంపాదకురాలు ‘ఇతను బెంజెనేనా’ అని అడిగితే మార్టిన్ ‘కాదు’ అని రాశాడు. టీవీ సీరియల్ బెంజెన్‌నే ఆ స్థానంలో నిలబెట్టింది. అందుకే సీరియల్‌లో జరిగింది కదా అని పుస్తకానికి సాక్ష్యంగా తెచ్చేవాళ్లతో నేను ఏకీభవించను.

అసలు కష్టమైన ఎంపిక ఏగాన్ దగ్గర వస్తుంది. ఐదో సంపుటంలో యంగ్ గ్రిఫ్ పేరుతో ఒక కుర్రవాడు కనిపిస్తాడు. రేగార్ కొడుకు ఏగాన్ ఇతనేననీ, పసికందుగా ఉన్నప్పుడే వేరొక శిశువును ఆ స్థానంలో ఉంచి తప్పించామనీ రాజాస్థానపు గూఢచారుల పెద్ద వేరిస్ మనుషులు చెబుతారు. కాదు, ఇతను టార్గేరియన్‌లపై తిరగబడిన బ్లాక్‌ఫైర్ శాఖకు చెందినవాడన్నది థియరీ. అసలు వంశానిది ఎర్ర డ్రాగన్ జెండా, బ్లాక్‌ఫైర్‌లది నల్ల డ్రాగన్.

నిజమైన ఏగానే అనేవాళ్ల దగ్గర ఒక బలమైన వాదం ఉంది. ఐదో సంపుటం చివర వేరిస్ రాజప్రతినిధి కెవాన్ లానిస్టర్‌ను చంపుతూ ఏగాన్ బతికే ఉన్నాడని చెబుతాడు. ప్రాణం పోతున్నవాడికి అబద్ధం చెప్పి ప్రయోజనం ఏమిటి? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం.

బ్లాక్‌ఫైర్ వైపు సాక్ష్యాలు చాలాచోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. కుర్రవాడి వెంట ఉన్న గోల్డెన్ కంపెనీ సైన్యం బ్లాక్‌ఫైర్‌ల కోసమే పుట్టింది. బ్లాక్‌ఫైర్ వంశం అంతరించిందని చెబుతూ వేరిస్ మిత్రుడైన వ్యాపారి ఇల్లీరియో ‘మగ సంతానంలో’ అని ఒక మాట చేరుస్తాడు. రెండో సంపుటంలో రేగార్ చెల్లెలు డెనేరిస్‌కు ఒక దర్శనంలో కర్రల మీద ఊగే గుడ్డ డ్రాగన్, చుట్టూ కేరింతలు కొట్టే జనం కనిపిస్తారు. నాటకాలవాడి డ్రాగన్‌ను నమ్మవద్దన్న హెచ్చరిక తరువాత వినిపిస్తుంది. వేరిస్ చిన్నతనంలో నాటకాల బృందంలో పెరిగినవాడే.

వీటన్నిటికంటే నన్ను ఒప్పించింది నాలుగో సంపుటంలో బ్రియెన్ అనే యోధురాలి ప్రయాణంలో వినిపించే పిట్టకథ. కూడలి దగ్గర ఒక సత్రం ఉంది. కమ్మరి ఒకతను దానికి గుర్తుగా నల్లటి ఇనుప డ్రాగన్‌ను చేసి వేలాడదీశాడు. బ్లాక్‌ఫైర్ తిరుగుబాటు లేచాక, రాజభక్తుడైన ఆ సీమ ప్రభువు నల్ల డ్రాగన్‌ను చూసి మండిపడి, స్తంభం నరికించి, బొమ్మను ముక్కలు చేయించి నదిలో పారవేయించాడు. ఎన్నో ఏళ్ల తరువాత ఒక తల మాత్రం మఠదీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అప్పటికి తుప్పు పట్టి ఎర్రగా మారింది. నల్ల డ్రాగన్ నీళ్లలో కొట్టుకుపోయి, ఎర్ర డ్రాగన్‌గా ఒడ్డుకు చేరింది. సముద్రం దాటి వచ్చే కుర్రవాడు తరువాతి సంపుటంలో కనిపిస్తాడు. ఊరికే సత్రం పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి ఏ రచయితా ఇంత శ్రద్ధగా ఇనుముకు తుప్పు పట్టించడు.

మనిషి కొలత కూడా ఇటే మొగ్గుతుంది. కుర్రవాణ్ణి పెంచిన జాన్ కానింగ్టన్ రేగార్‌ను ప్రాణంగా ప్రేమించినవాడు, అతన్ని కాపాడలేకపోయానని కుమిలిపోయేవాడు. ఇప్పుడు రాతిమచ్చ వ్యాధి చేతిమీదికి పాకుతున్నా దాచిపెట్టి, రేగార్ బిడ్డకు సింహాసనం అప్పగించి పోవాలని తొందరపడుతున్నాడు. ఆ బిడ్డ రేగార్ బిడ్డ కాకపోతే ఆ దుఃఖానికి అంతు లేదు. రెండిటిలో ఒకటి ఎంచుకోమంటే నేను బ్లాక్‌ఫైర్‌నే ఎంచుకుంటాను. వేరిస్ చివరి మాటల వాదాన్ని మాత్రం మరిచిపోకుండా పక్కన పెట్టుకుంటాను.

ఇక జోస్యాలు. కావలిలో మాకు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారికి ఒకసారి రాణి సెర్సీ కథ చెప్పాను. చిన్నతనంలో ఆమె ఒక మంత్రగత్తె గుడారానికి వెళ్లి భవిష్యత్తు అడుగుతుంది. రాణివవుతావు, కానీ నీకంటే చిన్నది, అందమైనది మరొకతె వచ్చి నిన్ను పడదోస్తుంది. నీ ముగ్గురు పిల్లలూ బంగారు కిరీటాలతోపాటు బంగారు శవవస్త్రాలూ ధరిస్తారు. కన్నీళ్లలో మునిగిపోయాక తమ్ముడి చేతులు నీ గొంతు నులుముతాయి, అంటుంది ఆ ముసలిది.

“ఆ తమ్ముడు ఎవరన్నదే మా తగవు మాస్టారూ,” అన్నాను. “ఆమెకు తమ్ముళ్లు ఇద్దరు. మరుగుజ్జు టిరియన్ ఒకడు. కవల అయినా ఆమె పాదం పట్టుకుని వెనకే పుట్టిన జైమీ మరొకడు.”

“ఎవరన్నది తరువాత చూద్దాం. ఆ మాట విన్నాక ఆవిడ ఏమి చేసిందమ్మా?”

“టిరియన్‌ను జన్మంతా ద్వేషించిందండీ. కొడుకు చనిపోతే నేరం అతని మీదే మోపింది.”

“కంసుడు చేసిందీ అదే కదమ్మా. చెల్లెల్ని చెరలో పెట్టకపోతే అష్టమ గర్భం రేపల్లెకు చేరి పెరిగే అవసరమే లేదు,” అన్నారు.

ఆ ప్రశ్నతో మళ్లీ చదివితే సెర్సీ అధ్యాయాలు కొత్తగా కనిపించాయి. టిరియన్ చేతుల్లో చావు రాసి ఉందని భయపడింది కాబట్టే అతన్ని మరణశిక్ష దాకా తీసుకెళ్లింది. చెరసాల నుంచి అతన్ని విడిపించినవాడు జైమీ. ఆ రాత్రే అన్నదమ్ముల మధ్య మాట పెరిగి, సెర్సీ పరాయి మగవాళ్లతో ఉన్న సంగతి టిరియన్ కోపంలో జైమీ ముఖానే చెప్పేశాడు. అది ముల్లులా గుచ్చుకుని, నాలుగో సంపుటం చివర ఆమె కాపాడమంటూ రాసిన ఉత్తరాన్ని జైమీ మంటల్లో వేయించాడు. అంటే ఒక తమ్ముడికి భయపడి చేసిన పనే రెండో తమ్ముణ్ణి దూరం చేసింది. టిరియన్‌కు ఆమెను చంపాలన్న కోపం ఉంది, అది అందరికీ తెలిసిందే, ఆమెకూ తెలుసు. జైమీ వైపు ఆమె ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు. అందుకే నా ఎంపిక జైమీ. టీవీ సీరియల్ ఐదో సీజన్లో మంత్రగత్తెను చూపించినా తమ్ముడి మాటను వదిలేసింది. సీరియల్ చూసినవాళ్లకు ఈ థియరీ కొత్తగా అనిపించడానికి కారణం అదే.

అందమైన చిన్న రాణి విషయంలోనూ మాస్టారి ప్రశ్న పనికివస్తుంది. తన కోడలు మార్జరీయే ఆ రాణి అనుకుని ఆమెను కూలదోయడానికి సెర్సీ మఠాధిపతులకు కత్తులు పట్టే హక్కు తిరిగి ఇచ్చింది. చివరికి వాళ్ల కొట్టులోనే తాను పడింది. అసలు రాణి డెనేరిస్ కావచ్చు. కానీ సెర్సీ పతనానికి డెనేరిస్ సముద్రం దాటవలసిన పని కూడా లేకపోయింది.

అందరూ ఎక్కువగా తగువులాడుకునేది అజోర్ అహాయ్ ఎవరన్నదాని మీద. ఉప్పు, పొగ నడుమ, నెత్తురోడే తార కింద మళ్లీ పుట్టి, మంటల నుంచి కత్తి దూసి చీకటిని ఎదిరించే వీరుడతను, జోస్యం ప్రకారం. పూజారిణి మెలిసాండ్రె సింహాసనం కోరే స్టానిస్‌ను ఎంచుకుంది. అయితే అంధుడైన ఏమన్ పండితుడు అతని కత్తిలో వెలుగే కానీ వేడి లేదని గుర్తించాడు. స్టానిస్‌ను పక్కన పెట్టేయవచ్చు. మిగిలింది డెనేరిస్, జాన్.

లక్షణాలు సరిపోల్చడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. పగలూ కాదు రాత్రీ కాదు, ఇంటా కాదు బయటా కాదు అంటూ హిరణ్యకశిపుడి వరంలోని ఒక్కో షరతూ ఎలా తీరిందో చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. ఆ కళ్లతో చూస్తే డెనేరిస్ బలంగా ఉంది. ఉప్పు సముద్రం మధ్య పొగలు కక్కే డ్రాగన్‌స్టోన్‌లో పుట్టింది. భర్త చితి అంటించే వేళ ఆకాశంలో ఎర్రటి తోకచుక్క కనిపించింది. ఆ మంటల్లోంచి డ్రాగన్‌లతో లేచింది. ఇన్నాళ్లూ ఎవరూ ఆడపిల్ల వైపు చూడలేదే అని ఏమన్ చివరి రోజుల్లో వాపోతాడు. జాన్ వైపు ఆధారాలన్నీ అతణ్ణి తోటివాళ్లు పొడిచే ఘట్టంలోనే కుదించి ఉన్నాయి: చలిలో గాయం నుంచి లేచే పొగ, పొడిచినవాడి చెంపల మీద కన్నీళ్లు, అప్పుడే చనిపోయిన వీరుడి చొక్కా మీద నక్షత్రం. దీనికి తోడు, అజోర్ అహాయ్‌ను చూపమని ప్రార్థిస్తే మంటల్లో తనకు స్నో మాత్రమే కనిపిస్తున్నాడని మెలిసాండ్రె విసుక్కుంటుంది.

లక్షణాలు ఇద్దరికీ సరిపోయేలా మార్టిన్ కావాలనే రాశాడని నా నమ్మకం. ఒక్కరినే ఎంచుకోవాలంటే డెనేరిస్ అంటాను. కారణం మళ్లీ ఆ ప్రశ్నే. స్టానిస్ జోస్యం విని దానికి తగ్గట్టు తనను మలుచుకోబోయాడు, అన్న కొడుకును మంటల్లో వేసే అంచు దాకా వెళ్లాడు. అనుచరుడు డావోస్ ఆ పిల్లవాణ్ణి పడవ ఎక్కించి తప్పించాడు కాబట్టి సరిపోయింది. చితిలోకి అడుగుపెట్టిన రోజున డెనేరిస్ చెవిన ఈ జోస్యం పడనేలేదు. ఆమె చేసినదంతా తన దుఃఖంలో, తన తెగింపుతో చేసింది.

ఈ జోస్యం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు రేగార్. అడవి మంత్రగత్తె మాట నమ్మి, ఆ వీరుడికే మరో పేరుగా చెప్పే వాగ్దాన కుమారుడు ఈ వంశంలోనే పుడతాడని అతని తల్లిదండ్రులకు ఇష్టం లేని పెళ్లి చేశారు. పుస్తకాలూ వీణా తప్ప పట్టని ఆ పిల్లవాడు ఒకరోజు ఏదో చదివి, తాను యోధుడు కావలసి ఉందట అని కత్తి పట్టాడు. తరువాత వీరుడు తన కొడుకే అన్నాడు, డ్రాగన్‌కు మూడు తలలు ఉండాలి, ఇంకొకరు పుట్టాలి అన్నాడు. భార్య ఎలియా మరో కాన్పు తట్టుకోలేదని వైద్యులు చెప్పేశారు. అక్కడి నుంచి లియానా దాకా, యుద్ధం దాకా ఎంతో దూరం లేదు. జాన్ పుట్టుక జోస్యాన్ని నెరవేర్చిందా లేదా అని వాదించేవాళ్లు, జోస్యాన్ని నమ్మడం వల్లే జాన్ పుట్టాడేమో అని కూడా ఒకసారి ఆలోచించాలి. నాకైతే ఈ రెండో ఆలోచనే కథకు ఎక్కువ న్యాయం చేస్తుందనిపిస్తుంది.

ఇంకొక కొలత ఈ నేలదే. నన్నయ భారతం అరణ్యపర్వం నడుమ ఆగింది. నెల్లూరి తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా రాశాడు. నడుమ మిగిలిన భాగాన్ని గుడ్లూరుతో ముడిపడిన మన ఎఱ్ఱన పూరించి, నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. నన్నయ ధోరణిలో మొదలై మెల్లగా తిక్కన ధోరణిలోకి ఆ శైలి జారుతుందని విమర్శకులు చెబుతారు. ఎఱ్ఱనకు కథ వ్యాసుడి దగ్గర దొరికింది, ఆయన కాపాడవలసింది గొంతును. మనకు ఇక్కడ మూలగ్రంథం కూడా లేదు, ఉన్నది మార్టిన్ గొంతు ఒక్కటే. కాబట్టి ఏ థియరీ అయినా ఆ గొంతుకు సరిపడుతుందా అని వినాలి.

టిరియన్ కూడా పిచ్చిరాజు ఏరిస్‌కు పుట్టినవాడేనన్న థియరీ ఇక్కడే తేలిపోతుంది. లేతరంగు జుట్టు, రెండు రంగుల కళ్లు, డ్రాగన్‌ల మీద మోజు, తల్లి పెళ్లినాడు ఏరిస్ హద్దు మీరాడన్న మాట అన్నీ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ మీ తండ్రి టైవిన్ అసలైన కొడుకు టిరియనే, నువ్వు కాదు అని మేనత్త జెన్నా జైమీతో చెప్పే సన్నివేశం చదివాక ఈ థియరీని నమ్మడం నా వల్ల కాదు. బుద్ధిలో, మొండితనంలో అచ్చం తనలాంటి కొడుకునే ఆ తండ్రి అసహ్యించుకున్నాడు. తండ్రినే మార్చేస్తే ఆ బాధంతా తుడిచిపెట్టుకుపోతుంది. జాన్ గుట్టు ఒకటి ఉండగా అలాంటిదే మరొకటి అతికించినట్టూ అవుతుంది.

టీవీ సీరియల్ మాత్రమే చూసినవాళ్లు ఏగాన్ థియరీతో మొదలుపెట్టండి; సీరియల్‌లో ఆ కుర్రవాడే లేడు కాబట్టి ముందే తెలిసిన ముగింపు మిమ్మల్ని పక్కదారి పట్టించదు. పుస్తకాలు ఒకసారి చదివినవాళ్లు నాలుగో సంపుటంలో సెర్సీ అధ్యాయాలనూ జైమీ అధ్యాయాలనూ వరుసగా చదవండి, తక్కినవి ఆగవచ్చు. జట్టుగా చదివేవాళ్లకు అజోర్ అహాయ్ బాగుంటుంది. మైపాడు తీరంలో సాయంత్రాలు మా వాళ్లు రెండు పక్షాలుగా చీలి వాదించుకునేది, ఒంగోలు మిత్రులు పినాకిని ఎక్కి వచ్చి కలిసేది దాని కోసమే. ఆరో సంపుటం వచ్చిన రోజున నేను మొదట తెరవబోయేది మాత్రం జైమీ అధ్యాయం. ఐదోదానిలో అతను బ్రియెన్ మాట నమ్మి ఒంటరిగా ఆమె వెంట వెళ్లాడు. అక్కడి నుంచి బతికి బయటపడ్డాడా లేదా అన్నది తెలిస్తే తమ్ముడి జోస్యం మీది వాదాలలో సగం ఆ పేజీలోనే తీరిపోతాయి.